పడవ మిషనూ, ఒక గుక్క డైలాగూ

మా ఇంట్లో దాన్ని పడవ మిషన్ అంటాం. అసలు పేరు రోయింగ్ మిషన్. పొడుగాటి ఇనుప పట్టా, దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే సీటు, ఎదురుగా ప్లాస్టిక్ మూత లోపల ఒక బరువైన చక్రం, ఆ చక్రాన్ని తిప్పడానికి పిడి ఉన్న ఒక పట్టీ. కాళ్ళు తన్నిపట్టి పిడిని పొట్ట దాకా లాగాలి, వదలాలి, మళ్ళీ లాగాలి. నీళ్ళూ లేవు, పడవా లేదు. ఎంతసేపు లాగినా ఫిల్మ్ నగర్‌లో మా రెండో అంతస్తు హాల్లోనే ఉంటాం.

దాన్ని పక్క వీధిలో ఉండే ఒక కుర్ర హీరో ఇంటి నుంచి తెచ్చుకున్నాం. ఆయనకి చొక్కా విప్పే సీను షూటింగ్ అయిపోయింది, మిషన్‌తో అవసరం తీరిపోయింది. మా వైపు ఇలాంటివి బాగా దొరుకుతాయి. సినిమాకి కొబ్బరికాయ కొట్టగానే కొంటారు, గుమ్మడికాయ కొట్టగానే అమ్మేస్తారు.

నాకు దాంతో పనేమిటంటే ఊపిరి. నేను డబ్బింగ్ చెబుతాను. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే ఒక నటికి పన్నెండేళ్ళుగా తెలుగులో నా గొంతే. ఆవిడ మొదట్లో వదిన వేషాలు వేసేది, ఇప్పుడు అమ్మ వేషాలు వేస్తోంది. నేనూ ఆవిడతో పాటే వదిననై, అమ్మనయ్యాను. నా మొహం ఎవరికీ తెలీదు. కూరగాయల బండి దగ్గర వంకాయలెంత అని అడిగితే మాత్రం పక్కనున్నావిడ చటుక్కున తల తిప్పి చూస్తుంది, ఎక్కడో విన్నానే అన్నట్టు. ఆ చూపంటే నాకు చచ్చేంత ఇష్టం. దాచుకోవడం దేనికి?

కిందటి వానాకాలం నిమోనియా వచ్చి ఆ గొంతు పోయింది. పోయింది గొంతు కాదు, దాని వెనక ఉండే గాలి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మెట్లెక్కబోతే నాలుగో మెట్టు మీదే కూర్చుండిపోయేదాన్ని. ఫోన్లో "హలో, ఎవరండీ" అనడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. ఆ నెలల్లో ఆవిడ సినిమా ఒకటి వేరే గొంతుతో వచ్చేసింది. నేను హాలుకి వెళ్ళి చూశాను. ఆ అమ్మాయి బాగానే చెప్పింది. బాగానే చెప్పిందన్న సంగతే నన్ను నాలుగు రోజులు సరిగ్గా తిండి తిననివ్వలేదు.

ఊపిరితిత్తులకి వ్యాయామం నేర్పే డాక్టరమ్మే పడవ మిషన్ సంగతి చెప్పింది. పిడి లాగేటప్పుడు ఊపిరి వదలాలి, ముందుకి జరిగేటప్పుడు తీసుకోవాలి. మొదటి రోజు మూడు నిమిషాలు లాగి సోఫాలో కూలబడ్డాను. దసరా నాటికి పది నిమిషాలకి వచ్చాను.

దసరా సంగతి ఇక్కడే చెప్పాలి. మా సినిమావాళ్ళకి ఆయుధపూజ పెద్ద పండగ. కెమెరాలకీ, లైట్లకీ, జనరేటర్ వ్యాన్లకీ పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయలు కొడతారు. ఇన్నేళ్ళూ నాకు పూజ చేసుకోవడానికి సొంత పనిముట్టంటూ లేదు. మైకు డబ్బింగ్ థియేటర్ వాళ్ళది, గొంతుకి బొట్టు పెట్టుకోలేను. ఆ ఏడు నాకూ ఒక పనిముట్టు వచ్చిందన్న సంబరంతో మిషన్‌కి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాను. మా ఆయన "గుమ్మం బయట రాయి మీద కొట్టు, మిషన్ మీద వద్దు" అన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో, ఏది ఎక్కడ ఒలకకూడదో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. నేను వింటేనా? పూజ మిషన్‌కి గానీ గుమ్మానికి కాదు అని, చక్రం కిందుండే ఇనుప కాలు మీదే ఠపీమని కొట్టాను. కాయ సమంగా రెండు చెక్కలైంది. నీళ్ళు నలువైపులా చిమ్మాయి. శుభం అనుకున్నాను.

ఆ తర్వాత వారానికి మిషన్ కీచుమనడం మొదలుపెట్టింది. నేనే ఏదో చేసి దాని నోరు మూయించాను. మళ్ళీ హాయిగా లాగడంలో పడ్డాను.

దీపావళి వెళ్ళాక ఆ నటి కొత్త సినిమాకి పిలుపొచ్చింది. అందులో ఒక సీనుంది. పోలీసులు కొడుకు కోసం ఇంటికి వస్తారు. తల్లి గుమ్మంలో అడ్డంగా నిలబడి చెబుతుంది: "వాడు అబద్ధమాడితే నవ్వాను, పక్కింట్లో వాచీ ఎత్తుకొస్తే బియ్యం డబ్బాలో దాచాను, మాస్టారు పిలిచి చెబితే మాస్టారినే తిట్టాను, వాళ్ళ నాన్న కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాను, ఆడపిల్లని ఏడిపిస్తే మగపిల్లాడు గదా అన్నాను, ఇవాళ మీరు వాడి కోసం వచ్చారు, ముందు నన్ను తీసుకెళ్ళండి, తప్పు నాదే." కెమెరా ఆవిడ మొహం మీదే ఉంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆవిడ ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. అంటే నేనూ తీసుకోకూడదు.

కృష్ణానగర్‌లో థియేటర్. ఆ గురువారం పదకొండు టేకులు చెప్పాను. "ముందు నన్ను తీసుకెళ్ళండి" దాకా వచ్చేది. "తప్పు నాదే" దగ్గర గాలి అయిపోయేది. సౌండ్ ఇంజనీరు మంచివాడు. "అమ్మా, ఆ రెండు మాటలూ విడిగా చెప్పేయండి, నేను అతికించేస్తాను, ఎవరికీ తెలీదు" అన్నాడు. అలాగే చేసి విన్నాం. తెర మీద ఆవిడ ఊపిరంతా అయిపోయి గుమ్మం పట్టుకుని నిలబడితే, నా గొంతు అప్పుడే లేచి కాఫీ తాగొచ్చినట్టుంది. ఇంజనీరే ఆ అతుకు తీసేశాడు.

డబ్బింగ్ చూసే కో-డైరెక్టరు నాకు పాతికేళ్ళుగా తెలుసు. ఆయన నన్ను పక్కకి పిలిచి, "వచ్చే శుక్రవారం దాకా ఆగుతానమ్మా. అప్పటికీ రాకపోతే పోయిన సినిమాకి చెప్పిన అమ్మాయిని పిలుస్తాను. ఈ సినిమాకీ ఆ గొంతే అంటే ఇక ముందుకీ అదే. మీకు తెలియంది కాదు" అన్నాడు. తెలుసు అన్నాను. ఎనిమిది రోజులున్నాయి. రోజుకి ఇరవై నిమిషాలు లాగితే ఆ రెండు మాటలకి సరిపడా గాలి రాదా అని లెక్క వేసుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే మిషన్ ఎక్కాను. నాలుగోసారి గట్టిగా లాగేసరికి జర్రుమని పిడి ఏ బరువూ లేకుండా పొట్ట మీదికి వచ్చేసింది. వెనక్కి పడబోయి పట్టా పట్టుకున్నాను. మళ్ళీ లాగితే మళ్ళీ అంతే. మెల్లగా లాగితే చక్రం పట్టుకుంటోంది, గట్టిగా లాగితే జారిపోతోంది. మెల్లగా లాగే భాగ్యానికి మిషన్ ఎందుకు, తలుపు గొళ్ళెం లాగొచ్చు.

నా కోపం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, దానికి పక్కన ఒక మనిషి కావాలి. రెండు రోజుల కిందట మా ఆయన నేల తుడవడానికి మిషన్‌ని బాల్కనీ వైపు ఈడ్చారు. అది గుర్తొచ్చింది, చాలింది. "మీరు బరబరా ఈడ్చినందుకే లోపల లైను తప్పింది. జీవితమంతా మనుషుల చేత మోయించారు గానీ ఒక్క వస్తువు ఎత్తి పెట్టడం చేతకాదు మీకు. నా శుక్రవారం మీ తడిగుడ్డ పాలైంది" అన్నాను. ఆయన మిషన్ వంకా నా వంకా చూసి, "అయ్యుంటుంది" అన్నారు, అంతే. అప్పటి నుంచి మిషన్ తయారుచేసిన కంపెనీకి ఫోన్లు చెయ్యడం ఆయన పనైపోయింది. ఎవరి దగ్గరో కొన్నదానికి తొందరేమీ లేదన్నట్టు వాళ్ళు పన్నెండు రోజుల తర్వాత వస్తామన్నారు. ఆయన బతిమాలారు, మళ్ళీ చేశారు. నేల తుడిచేటప్పుడు మిషన్‌ని ముట్టుకోకుండా దాని చుట్టూ తుడిచి ఊరుకునేవారు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

పన్నెండు రోజులు ఆగితే నా పని అయిపోతుంది. నేనే విప్పుతాను అనుకున్నాను. జీవితంలో మిక్సీ జార్ తప్ప ఇంకేదీ విప్పినదాన్ని కాదు. కానీ ఒక శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకోవడం నా వృత్తి. ఫోన్లో రికార్డింగ్ పెట్టి ఒకసారి సీటు దగ్గరా, ఒకసారి పట్టీ దగ్గరా, ఒకసారి మూత దగ్గరా ఉంచి లాగాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. సీటు చక్రాలు శుభ్రంగా ఉన్నాయి. పట్టీ చుట్టుకునేటప్పుడు ఏ చప్పుడూ లేదు. జర్రు అనేది లాగడం మొదలైన క్షణంలో, మూత లోపల వెనక వైపు నుంచి వస్తోంది. సరే, శత్రువు ఇల్లు తెలిసింది.

శనివారం మూత విప్పాను. ముందు పాదాలు పెట్టుకునే పలకలు తియ్యాలి, తర్వాత ఆరు స్క్రూలు. అందులో ఒకటి మొరాయించి నా మణికట్టు పట్టేసేలా చేసింది. విప్పినవన్నీ వరసగా స్టీలు పళ్ళెంలో పెట్టుకున్నాను. లోపల చూస్తే అంత బ్రహ్మవిద్యేమీ కాదు. పట్టీ చుట్టుకునే పెద్ద పుల్లీ ఒకటి, చక్రానికి బిగించిన చిన్న పుల్లీ ఒకటి, రెండింటినీ కలుపుతూ గాడులున్న నల్లటి రబ్బరు బెల్టు, ఆ బెల్టుని బిగువుగా నొక్కిపట్టే బొమ్మ చక్రమంత బుల్లి చక్రం. నా నెయిల్ పాలిష్ తెచ్చి చిన్న పుల్లీ మీదా, దానికి సరిగ్గా ఎదురుగా బెల్టు మీదా ఒక గీత గీశాను.

"కాస్త వచ్చి ఈ చక్రం కదలకుండా పట్టుకోండి" అని మా ఆయన్ని పిలిచాను. ఆయన చేతులు తుడుచుకుని వచ్చి, పసిబిడ్డ తల పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నారు. పిడి లాగాను. చక్రం కదల్లేదు, పుల్లీ మీద గీత కదల్లేదు, బెల్టు మీద గీత మాత్రం అంగుళం ముందుకి జరిగిపోయింది. జారుతోంది బెల్టే. దొంగ దొరికాడు. "నేను ఈడ్చినప్పుడు వదులైపోయి ఉంటుంది" అన్నారాయన. నేను పానా వెతకడానికి లేచాను.

వదులైతే బిగించాలి. ఆదివారమంతా అదే పని. బుల్లి చక్రం బోల్టుని రెండు చుట్లు తిప్పితే కాస్త నయమనిపించింది, పది లాగుళ్ళకి మళ్ళీ జారింది. ఇంకో రెండు చుట్లు తిప్పాను. ఈసారి చక్రం బరువెక్కి భుజాలు పీకాయి, బెల్టు మూలిగింది, అయినా జారడం మాత్రం మానలేదు. ఇంకా బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. ఆ రోజుకి నా ఊపిరి కసరత్తు అపార్ట్‌మెంట్ మెట్ల మీద జరిగింది. డైలాగ్ పైకే చెప్పుకుంటూ ఎక్కుతుంటే, ముగ్గు పిండి పట్టుకుని వస్తున్న వాచ్‌మన్ భార్య ఆగిపోయి, "ఏం తప్పు జేసిండ్రమ్మా?" అని అడిగింది. ఏమీ లేదని చెప్పి పైకెక్కాను.

సోమవారం బెల్టు ఊడదీసి పాత పేపర్లో చుట్టాను. ఎర్రగడ్డలో బెల్టులూ బేరింగులూ అమ్మే షాపు ఒకటుందని మా ఆయన చెప్పి, స్కూటర్ మీద తీసుకెళ్ళారు. బండి ఆపడానికి చోటు లేక ఆయన మెట్రో స్తంభం పక్కనే ఉండిపోయారు, నేను ఒక్కదాన్నే షాపులోకి వెళ్ళాను. ఇలాంటిదే కొత్తది కావాలని కౌంటర్ మీద పెట్టాను. షాపాయన నాకంటే పెద్దవాడు. బెల్టుని విప్పి, వంచి, గాడుల్లో గోరు పెట్టి చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందమ్మా, బెల్టుకు తలకు రాసే నూనె రాసిండ్రా?"

ఆయన బెల్టుని నా వైపు చాపాడు. కొబ్బరినూనె. మా ఇంటి బాత్రూం అలమరలో ఉండే సీసా వాసన.

"బెల్టు మంచిగనే ఉన్నది. కొత్తది కొన్నా గదీ జారుతది. నూనె ఉంటె ఎంత బిగిస్తె ఏం ఫాయిదా? స్పిరిట్ తోని పుల్లీలు కడుగుండ్రి, బెల్టును సబ్బు నీళ్ళతోని కడిగి నీడకు ఆరబెట్టుండ్రి. జర గూడ జిడ్డు ఉండొద్దు. ఫికర్ జేయకుండ్రి, పట్టుకుంటది" అని మళ్ళీ పేపర్లో చుట్టి ఇచ్చేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మిషన్ కీచుమన్నప్పుడు, మా అమ్మ కుట్టుమిషన్‌కి నూనె వేసినట్టు, మూత మీది సందుల్లోంచి తలనూనె సీసా వంచి నాలుగు చుక్కలు పోశాను. నాలుగంటున్నాను గానీ చెయ్యి జారి ఎక్కువే పడింది. అది చేసింది నేను. మా ఆయన ఈడ్చిన దానికీ బెల్టు జారడానికీ ఏ సంబంధమూ లేదు. షాపు మెట్లు దిగుతుంటే ఎండలో స్కూటర్ మీద కూర్చుని నా వైపే ఆత్రంగా చూస్తున్నారాయన. "ఏంటి, దొరకలేదా?" అన్నారు. "బెల్టు మంచిదేనట, మురికి పట్టిందట, కడిగితే చాలట" అన్నాను. మురికి అన్నాను. నూనె అనలేదు. స్కూటర్ మీద మోతీనగర్ దాటేదాకా ఆయన వీపు వెనక కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి బెల్టుని నాలుగు సార్లు సబ్బు నీళ్ళలో కడిగి ఫ్యాన్ కింద ఆరేశాను. స్పిరిట్‌లో దూది ముంచి పుల్లీ గాడులు తుడుస్తుంటే దూది పసుప్పచ్చగా, తర్వాత నల్లగా వచ్చింది. గాడుల్లో ఏదో బంక గట్టిపడి ఉంది. పాత టూత్‌బ్రష్ పెట్టి గీకితే కొబ్బరి పీచు పోగులు ఊడాయి. మూత అడుగున గోరంత కొబ్బరి చిప్ప ముక్క దొరికింది. కథ మొత్తం అక్కడే ఉంది. కొబ్బరి నీళ్ళు చిమ్మి లోపల ఎండి బంకైంది, ఆ బంకకి మిషన్ కీచుమంది, ఆ కీచుకి నేను నూనె పోశాను. బయట రాయి మీద కొట్టు అన్న మనిషి పక్కనే కూర్చుని, అడక్కుండానే నాకు దూది ఉండలు చేసి అందిస్తున్నారు. చిప్ప ముక్కని ఆయన చూడకుండా కొంగున ముడేసుకున్నాను.

రాత్రి భోజనాలకి ముందే బెల్టు ఎక్కించాను. ముందు చిన్న పుల్లీకి తగిలించి, తర్వాత పెద్దదాని అంచుకి పట్టించి మెల్లగా తిప్పితే గాడుల్లో కూర్చుంది. బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి వెళ్ళేంత బిగువు పెట్టాను, అంతకు మించి పెట్టలేదు. మళ్ళీ గీతలు గీశాను. మళ్ళీ ఆయన చక్రం పట్టుకున్నారు. లాగాను. ఈసారి బెల్టు కదల్లేదు. చక్రమే ఆయన చేతుల్లోంచి విడిపించుకుని తిరగబోయింది. "పట్టుకుందోయ్!" అని చిన్నపిల్లాడిలా అరిచారు.

మంగళవారం పన్నెండు నిమిషాలు లాగాను. బుధవారం పదహారు. గురువారం ఇరవై. లాగేటప్పుడు ఊపిరి వదులుతూ డైలాగ్ మనసులో నడిపించేదాన్ని. బుధవారం పక్కటెముకలు పట్టేశాయి, వేడి నీళ్ళ సంచి పెట్టుకుని మర్నాడు మళ్ళీ ఎక్కాను. ఆపే ప్రశ్నే లేదు.

శుక్రవారం థియేటర్లో మైకు ముందు నిలబడ్డాను. చిప్ప ముక్క గుప్పిట్లో ఉంది, ఎందుకు తెచ్చానో నాకే తెలీదు. మొదటి టేకులో ఆవిడ పెదవులకీ నా మాటకీ కుదరలేదు. రెండోదానిలో దగ్గు అడ్డొచ్చింది. మూడోదానిలో "ముందు నన్ను తీసుకెళ్ళండి" దాకా వచ్చాను, లోపల ఇంకా కాసింత మిగిలి ఉందని తెలిసింది. కానీ ఆ రెండు మాటలు నేను ఇన్నాళ్ళూ అనుకున్నట్టు గట్టిగా రాలేదు. ఎండలో స్కూటర్ మీద కూర్చున్న మనిషి కళ్ళ ముందు కనపడ్డారు. గొంతు కిందికి దిగిపోయి, సిగ్గుతో వచ్చింది: తప్పు నాదే. తెర మీద ఆవిడ పెదవులు అప్పుడే మూసుకున్నాయి. కో-డైరెక్టరు లోపలికొచ్చి, "వచ్చే నెల ఆవిడది ఇంకోటుంది, డేట్లు ఖాళీ పెట్టుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన హాల్లో తడిగుడ్డ పెడుతున్నారు. మిషన్ చుట్టూ తుడుస్తున్నారు, దాన్ని ముట్టుకోకుండా.

"అయిందా?" అన్నారు లేవకుండానే.

"అయింది. మూడో టేకులో."

ఆయన మొహం విప్పారింది. నేను చెప్పులు కూడా విప్పలేదు. చిప్ప ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "మీరు ఈడ్చినందుకు కాదండీ. నేనే దాని మీద కాయ కొట్టాను, నేనే తలనూనె పోశాను. సోమవారం షాపులోనే తెలిసింది. తెలిసీ మీకు చెప్పలేదు..." అక్కడ గాలి చాల్లేదు. ఆగి, ఊపిరి తీసుకుని అన్నాను. "తప్పు నాదే."

ఆయన చిప్ప ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఇది డబ్బింగా, నిజమా?"

"నిజమే" అన్నాను. కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

ఆయన ముక్కని జేబులో వేసుకుని, గుడ్డ పక్కన పెట్టి, వంగి, రెండు చేతులతో మిషన్‌ని బాల్కనీ వైపు బరబరా ఈడ్చి, దాని కింద నేల తుడవడం మొదలుపెట్టారు.